ఐదుగురు రైతులు, ఒక టీ కొట్టు

వేరుశనగ ధరలు చూపే మీ యాప్‌ను అనంతపురం రైతులు తెరుస్తున్నారు గానీ నమోదు పేజీ దగ్గరే వదిలేస్తున్నారని, వాడేవారు ఎక్కడ తడబడుతున్నారో తేల్చే పరీక్ష చేయించాలంటే లక్ష రూపాయలు అడుగుతున్నారని రాశారు. ఆ లక్ష మీ దగ్గరే ఉంచుకోండి.

మార్కెట్ యార్డు పక్కన టీ కొట్టులో కూర్చోండి. యాప్ ఎన్నడూ చూడని ఐదుగురిని, ఒక్కొక్కరినే, పావుగంట చొప్పున యాప్ వాడి చూపమని అడగండి. ఒక్కరు సగటున 31 శాతం లోపాలు బయటపెడితే ఐదుగురితో 85 శాతం దాకా తెలుస్తాయని వెబ్‌సైట్లు, యాప్‌ల వాడుక తీరును పరిశోధించిన జాకబ్ నీల్సన్ లెక్క. సరిదిద్దాక మరో ఐదుగురికి చూపండి.

‘యాప్ ఎలా ఉంది?’ అని మాత్రం అడగవద్దు. మనవాళ్లు మర్యాదకు బాగుందనే అంటారు. ‘ఈ రోజు క్వింటాలు ధర ఎంతో చూసి చెప్పండి’ అని పని అప్పగించండి. మనసులో అనుకునేది పైకి చెబుతూ చేయమనండి. అనుమతి అడిగి ఫోనులో స్క్రీన్ రికార్డింగ్ పెట్టండి.

అన్నిటికన్నా కష్టం మనం నోరు మూసుకోవడం. కర్నూలులో ఉల్లి రైతుల కోసం చేసిన యాప్‌ను మొదటిసారి పరీక్షించినప్పుడు, రెండో నిమిషానికే ఆగలేక నేనే బటన్ చూపించాను. ఆ పరీక్ష వృథా. మరునాడు ఒక పెద్దాయన ఓటీపీ పెట్టెలో తన ఫోను నంబరే మూడుసార్లు కొట్టారు. అప్పటిదాకా తప్పంతా నెట్‌వర్క్‌దే అనుకున్నాను!

అసలు ధర చూడటానికి నమోదు ఎందుకండీ? దాన్ని చివరికి జరిపి చూడండి. టీ డబ్బులు మాత్రం మీరే ఇవ్వండి.