బ్రాకెట్లో దాచిన వాక్యం

విజయవాడ

అమ్మాయ్,

నీ వ్యాసం అందింది. అమెరికా నల్లజాతి రచయిత్రి మాయా ఏంజెలో ఆత్మకథ మొదటి భాగం నిన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదన్నావు, సంతోషం. కానీ మొదటి పేజీ నిండా "ఇది అచ్చం నా కథే" అని రాశావు చూడు, అక్కడ నాకు నమ్మకం కుదరలేదు.

అది నీ కథ కాదు. మూడేళ్ల పిల్లనీ నాలుగేళ్ల అన్ననీ చేతులకి చీటీలు కట్టి కాలిఫోర్నియాలో రైలెక్కిస్తే, ఆర్కన్సాలోని స్టాంప్స్ అనే ఊళ్లో నాయనమ్మ దగ్గరికి చేరారు. ఎనిమిదేళ్ల వయసులో, తల్లి దగ్గర ఉన్నప్పుడు, ఆ తల్లితో ఉంటున్నవాడే ఈ పిల్లని పాడుచేశాడు. కోర్టులో ఆమె సాక్ష్యం చెప్పాక వాణ్ణి ఎవరో చంపేశారు. తన నోటిమాటే మనిషిని చంపిందనుకుని, ఆ పిల్ల దాదాపు ఐదేళ్లు అన్నతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. 1969లో అచ్చయిన ఆ పుస్తకంలోని దుఃఖం ఆమెది. నాదీ అదే అనేస్తే ఆమెదీ పల్చబడుతుంది, నీదీ పల్చబడుతుంది.

మరి నీకెక్కడ తగిలింది? నాలుగో పేజీ చివర బ్రాకెట్లో దాచావు. మిర్చి యార్డు నుంచి వచ్చే నాన్న చొక్కా నిండా మిరప ఘాటు. ఆయన ఇంకా మెట్ల మీద ఉండగానే నీకు తుమ్ము వచ్చేది. తుమ్ము వచ్చిందంటే టీవీ కట్టేసి నువ్వూ చెల్లీ గోడవైపు తిరిగి పడుకునేవాళ్లు. అమ్మాయ్, నీ వ్యాసం అక్కడుంది! గుంటూరులో ఆ ఘాటు తెలియనివాళ్లెవరు? దానికి నోరు మూతపడ్డ పిల్లని మాత్రం నేనెక్కడా చదవలేదు. ఆ బ్రాకెట్లు తీసి, దాంతోనే మొదలుపెట్టు. స్టాంప్స్ పిల్ల గురించి ఆ తర్వాత రాయి. ఇద్దరికీ పోలిక ఉందని నువ్వు చెప్పనక్కర్లేదు, చదివేవాళ్లు పట్టుకుంటారు.

ఇంకోటి. మిసెస్ ఫ్లవర్స్ అనే ఆవిడ ఆ పిల్లని ఇంటికి పిలిచి, బిస్కెట్లు పెట్టి, డికెన్స్ నవల పైకి చదివి వినిపిస్తుంది కదా. అందరూ దాని మీదే పడతారు, పుస్తకాలే కాపాడాయని. నువ్వు అటు పోకు. ఆ రోజుల్లో నీకెవరు బిస్కెట్టు పెట్టారో గుర్తు తెచ్చుకో. ఎవరూ పెట్టకపోతే ఆ సంగతే రాయి.

నాన్నని రాక్షసుణ్ణి చేయకు. ఏప్రిల్ ఎండలో టిక్కీలు, అదే మిరప బస్తాలు, మోసి, కళ్లు మండుతుంటే ఇంటికొచ్చిన మనిషి కూడా ఆ చొక్కాలో ఉన్నాడు. క్షమించడం, మానడం నీ ఇష్టం. పాఠకుడికి మాత్రం ఆయన మొత్తం కనబడాలి.

అమ్మ చదివితే ఏమంటుందోనని టెన్షన్ అన్నావు. రాసేటప్పుడు దాన్ని పక్కన పెట్టు. అచ్చుకిచ్చే ముందు మాత్రం ఆవిడకీ చెల్లికీ చదివి వినిపించు. చెల్లి సంగతుల్లో ఆమె వద్దన్నవి తీసెయ్, వాదించకు.

జనవరిలో పుస్తకాల పండగకి బెజవాడ వస్తావుగా, తిరగరాసిన ప్రతి పట్టుకురా. అక్షరాలు కాస్త పెద్దవి పెట్టి ప్రింట్ తీయించు, ఇవి చదవలేక చచ్చాను.

ఆశీస్సులతో