బ్యాటరీ పెట్టెతో ఇల్లు నడపాలంటే

చి.ల.సౌ. అమ్మడికి,

పెద్దనాన్న ఆశీస్సులు. మీరు పోర్టబుల్ పవర్ స్టేషన్, అదే ప్లగ్గులు పెట్టుకునే పెద్ద బ్యాటరీ పెట్టె, కొన్నారని అబ్బాయి ఫోన్‌లో చెప్పాడు. చెన్నై వేళచ్చేరిలో ఉన్నవాళ్లకి అది ఉండాల్సిందే. 2023 డిసెంబరు మిగ్‌జాం తుపానుకి మీ వైపు రోజుల తరబడి కరెంటు లేదు. కానీ "వెయ్యి వాట్లది, ఇల్లంతా నడిచిపోతుంది" అన్నాడు చూడు, అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది.

దాని మీద రెండు అంకెలుంటాయి. వాట్ అవర్ అంటే లోపలి నిల్వ. వాట్ అంటే ఒకేసారి ఎంత లోడు లాగగలదో అది. మీ పెట్టెకి రెండూ వెయ్యే కాబట్టి వాడు కలిపేసుకున్నాడు. ఆ వెయ్యి వాట్ అవర్లలోనూ ప్లగ్గు దాకా వచ్చేది సుమారు 850 అనుకో, మిగతాది బ్యాటరీ కరెంటుని ఇంట్లో వాడే కరెంటుగా మార్చడంలోనే పోతుంది. 55 వాట్ల టేబుల్ ఫ్యాను, వైఫై రూటరు, రెండు ఎల్‌ఈడీ బల్బులు కలిపితే 85 వాట్లు. అంటే పది గంటలు, రాత్రి గడిచిపోతుంది. గీజరు, ఇండక్షన్ స్టవ్, ఇస్త్రీపెట్టె మాత్రం దాని జోలికి తేవద్దు. గ్యాస్ పొయ్యి ఉంది కదా!

ఫ్రిజ్ నడిచేటప్పుడు నూరు, నూటయాభై వాట్లే తీసుకున్నా, కంప్రెసరు మొదలయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు గుంజుతుంది. అదే సమయానికి మిక్సీ కూడా వేశావంటే పెట్టె ట్రిప్పవుతుంది. తలుపు తీయకపోతే ఫ్రిజ్‌లో చల్లదనం నాలుగు గంటలు నిలుస్తుంది. ఆ తర్వాత ఓ గంట తగిలించి తీసేయి. పాలు, ఇడ్లీపిండి పాడవ్వవు.

ఇప్పుడు అసలు సంగతి. సీలింగ్ ఫ్యానుకి ప్లగ్గు ఉండదు. అందుకని రెండు కొసలా ప్లగ్గులున్న వైరు చేయించి, పెట్టె కరెంటుని గోడ సాకెట్‌లోకి ఎక్కిద్దామని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వీధి చివర కరెంటు షాపువాడు చేసి కూడా ఇస్తాడు. వద్దంటే వద్దు! ఒక కొస ఊడితే ఆ పిన్నుల్లో కరెంటుంటుంది, పిల్లాడి చెయ్యి తగిలితే ఇంకేమన్నా ఉందా? మెయిన్ ఆపడం మరిచారో, అది వీధి లైన్లోకి వెళ్లి స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం మీదికి వస్తుంది. మధ్యలో కరెంటు వస్తే పెట్టే కాలిపోవచ్చు. ఆ ఫ్యానే తిరగాలంటే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో, వీధి కరెంటూ పెట్టె కరెంటూ ఎప్పుడూ కలవకుండా చూసే ఛేంజోవర్ స్విచ్ పెట్టించండి. నన్నడిగితే టేబుల్ ఫ్యాను కొనుక్కోవడమే సుఖం.

పెట్టెని నేల మీద కాక బల్ల మీద, గాలి తగిలేచోట ఉంచు. మంచం కింద బట్టల మధ్య వద్దు. ఎండపడే బాల్కనీలో ఛార్జింగ్ పెట్టకు. లోపలికి నీళ్లు వెళితే, ఆరిపోయినట్టు కనిపించినా ఆన్ చేయకుండా సర్వీసు వాళ్లకి చూపించు. వాడని రోజుల్లో సగానికి పైన ఛార్జ్ ఉంచి, మూడు నెలలకోసారి చూసుకుంటే చాలు. తుపాను హెచ్చరిక వస్తే మాత్రం పూర్తిగా నింపేయి.

మీ అత్తయ్యగారు మందు పీల్చే నెబ్యులైజర్‌ని అక్టోబరు వానలకి ముందే ఓసారి దీని మీద నడిపి చూడు. నడిచిందో లేదో నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దనాన్న