"మా నాన్న రైతు"లో క్రియ ఏదీ?

అమ్మా,

నీ రాతప్రతి వారం కిందటే అందింది. 'నువ్వు' అంటున్నాను, ఏమీ అనుకోకు, మా చిన్నమ్మాయి కంటే చిన్నదానివే అయి ఉంటావు. 8వ తరగతి పిల్లలకు ఇంగ్లీషు వ్యాకరణం తెలుగులో చెబుతూ పుస్తకం రాయడం మంచి పనే. చేతిరాత కూడా బాగుంది.

42వ పేజీ దగ్గర ఆగిపోయాను. లింకింగ్ వర్బుల పాఠం, అంటే కర్తనీ, దాని గురించి చెప్పే మాటనీ కలిపే క్రియల పాఠం. పైన డబ్బా గీసి 23 క్రియలు పేర్చావు: బి, సీమ్, బికమ్, లుక్, ఫీల్, స్మెల్, టేస్ట్, సౌండ్... కింద "వీటిని కంఠస్థం చేయాలి" అని రాసి రెండు గీతలు. ఒళ్ళు మండింది. అదే పేజీ అడుగున ఓ సంగతి రాసి కొట్టేశావు. కొట్టేసినా చదవడానికి వస్తూనే ఉంది. నీ క్లాసులో ఓ పిల్ల లేచి "టీచర్, 'మా నాన్న రైతు'లో క్రియ ఏదీ?" అని అడిగిందట. "ఇంగ్లీషు పీరియడ్‌లో తెలుగు ప్రశ్నలేంటి, కూర్చో" అన్నావట. నేనీ ఉత్తరం రాస్తున్నది ఆ కొట్టివేత వల్లే.

నీ పాఠమంతా ఆ పిల్ల ప్రశ్నలోనే ఉంది. మనకక్కడ క్రియ అక్కర్లేదు. 'మా నాన్న', 'రైతు' పక్కపక్కన కూర్చుంటే వాక్యమైపోయింది. ఇంగ్లీషు వాక్యం అలా నిలబడదు, మధ్యలో 'ఈజ్' అనే గుంజ పాతాలి. అందుకే మనవాళ్ళు "మై ఫాదర్ ఫార్మర్" అని రాస్తారు, మనం ఎర్రసిరాతో సున్నా చుడతాం. వాడు రాసింది శుద్ధమైన తెలుగు వాక్యం, మాటలు మాత్రం ఇంగ్లీషువి.

ఇంకొంచెం లోపలికి వెళ్ళు. "నేను టీచర్ని", "నువ్వు మంచిదానివి", "మేం రైతులం". చివరనున్న ఆ 'ని', ఆ 'వి', ఆ సున్నా ఊరికే లేవు. 'ఆమ్', 'ఆర్' చేసే పనిలో సగం అవే చేస్తున్నాయి. పోనీ, అసలు క్రియే లేదందామా? "రైతు కాదు" అను, "రైతయితే" అను, "రైతయిన మా నాన్న" అను. దాక్కున్న 'అవు' బయటికొస్తుంది. భాషాశాస్త్రవేత్త చేకూరి రామారావు గారి 'తెలుగు వాక్యం' 1975లోనే వచ్చింది, క్రియ లేని వాక్యాల సంగతి అందులో చదువుకోవచ్చు. మన ఇంగ్లీషు టీచర్లు దాన్ని ముట్టుకోరు, తెలుగు పండితుల బీరువాలో వస్తువనుకుంటారు.

అసలు చిక్కు విశేషణం దగ్గర. "ఎర్ర చీర" అంటాం గానీ "చీర ఎర్ర" అనం. "చీర ఎర్రది" అనాలి, లేదా "చీర ఎర్రగా ఉంది" అనాలి. ఆ 'గా' చూశావా? "వేగంగా పరిగెత్తాడు"లోనూ అదే. "అందంగా ఉంది"కీ "అందంగా పాడింది"కీ మనకు ఒకటే మాట. ఇంగ్లీషులో మొదటిచోట బ్యూటిఫుల్, రెండోచోట బ్యూటిఫుల్లీ. మన పిల్ల "షి లుక్స్ బ్యూటిఫుల్లీ" అందంటే ఆ 'గా' అనిపించింది. 23 క్రియలు నూరిపోసినా ఇది పోదు. నువ్వేమో ఉదాహరణకు "పాలు పుల్లగా వాసన చూస్తున్నాయి" అని రాశావు. పాలు ఎవర్ని వాసన చూస్తున్నాయమ్మా?

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఎస్-వి-సి (కర్త, క్రియ, పూరకం), ఎస్-వి-ఓ (కర్త, క్రియ, కర్మ) అంటూ బోర్డు నింపేవాణ్ణి. ఎవరికీ ఎక్కేది కాదు. ఓ ఎండాకాలం మధ్యాహ్నం క్యారేజీలో మజ్జిగ పులిసిపోయింది. విసుగుతో ఆ గ్లాసే క్లాసుకు పట్టుకెళ్ళాను. ముక్కు దగ్గర పెట్టుకుని "ఐ స్మెల్డ్ ద బటర్‌మిల్క్" అన్నాను. బల్ల మీద పెట్టి "ద బటర్‌మిల్క్ స్మెల్డ్ సవర్" అన్నాను. రెండిట్లోనూ 'స్మెల్డ్' తీసేసి 'వాజ్' పెట్టి చదవమన్నాను. రెండోది కుదిరింది. మొదటిది చదివిన కుర్రాడు "ఐ వాజ్ ద బటర్‌మిల్క్" అని ఆగి, "సార్, మీరు మజ్జిగా?" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. బదిలీ అయ్యేదాకా నా పేరు మజ్జిగ సారే. ఆ ఏడు పరీక్షలో మాత్రం ఒక్కడు కూడా 'సవర్లీ' అని రాయలేదు.

ఆ కథతో సహా చిన్న పుస్తకం రాసి ఒక ప్రచురణకర్తకిచ్చాను. అక్కడి ఎడిటరు తెలుగు వాక్యాలన్నీ కలుపు పీకినట్టు పీకేశాడు. "ఇంగ్లీషు గ్రామరులో తెలుగేంటండీ, అమ్ముడుపోదు" అన్నాడు. పీకగా మిగిలింది అచ్చేశారు. అదీ అమ్ముడుపోలేదు, కట్టలు మా అటక మీదున్నాయి. ఇప్పుడేమో 30 రోజుల్లో ఇంగ్లీషు నేర్పేవాళ్ళొచ్చారు. వ్యాకరణం అక్కర్లేదు, ధైర్యంగా మాట్లాడెయ్యండంటారు. ఆ ముక్క తెలుగులోనే చెబుతారు!

ఇంకోటి మర్చిపోయాను. "నీళ్ళు చల్లగా ఉన్నాయి" అంటే ఇప్పటి సంగతి. "మా బావి నీళ్ళు చల్లనివి" అంటే వాటి గుణం. కాదనడానికీ మనకు రెండు దారులు: 'చల్లగా లేవు', 'చల్లనివి కావు'. ఇంగ్లీషు రెండుచోట్లా 'ఈజ్ కోల్డ్' అని సరిపెట్టుకుంటుంది. ఇది పిల్లలకు తప్పకుండా చెప్పు. ఎప్పుడూ మన దగ్గరే ఏదో తక్కువైనట్టు తలొంచుకుని కూర్చుంటారు పాపం.

పుస్తకానికి పేరేం పెట్టాలి, ఎవరికి పంపాలి అని అడిగావు. ముందు 42వ పేజీ చింపి మళ్ళీ రాయి. డబ్బా తీసెయ్. పాఠం ఆ పిల్ల ప్రశ్నతో మొదలుపెట్టు, కూర్చోబెట్టిన సంగతి కూడా దాచకు. ఆ పిల్ల ఇంకా నీ క్లాసులోనే ఉందా? ఉంటే సోమవారం పిలిచి జవాబు చెప్పి, ఏమందో నాకు రాయి.