మూల మీద మాత్రం వద్దు, బుజ్జితల్లీ

చి.ల.సౌ. బుజ్జితల్లికి అత్తయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి గుడివాడ నుంచి మీ నాన్న ఫోన్ చేశాడు. వచ్చే నెల నుంచి నువ్వు ఇక్కడ టెక్సస్‌లో నీ ఇంట్లోనే కూచిపూడి క్లాసులు మొదలుపెడుతున్నావట. వినగానే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడేళ్లప్పుడు తాతయ్య అరుగు మీద గజ్జెలు కట్టుకుని, ఎండకి నాపరాయి కాలుతున్నా లోపలికి రానని మొండికేసిన పిల్లవి. ఆ తర్వాత వాడు, "వాళ్లది కార్నర్ ఇల్లు కదా, మూల మీద పెద్ద బోర్డు పెట్టిస్తోందట" అన్నాడు. ఇక నాకు నిద్ర పట్టలేదు. ఇది ఫోన్లో చెప్పబోతే గొంతు పూడుకుపోతుంది. అందుకే రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. ఇంట్లో చేసుకునే వ్యాపారానికి మీ సిటీ నిబంధనలు వేరే ఉంటాయి, అవి చదువు. కొన్ని ఊళ్లలో అసలు బోర్డే కుదరదు. కొన్నిచోట్ల గోడకి అంటుకుని ఒకటి రెండు చదరపు అడుగులు, అదీ లైటు లేకుండా ఒప్పుకుంటారు. ఇల్లు కొన్నప్పుడు సంతకం పెట్టిన హెచ్ఓఏ, అదే మీ కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, కాగితాలు బయటికి తీయి. సైడ్‌వాక్‌కీ రోడ్డుకీ మధ్య ఉన్న గడ్డి నువ్వే కోస్తావు, నువ్వే నీళ్లు పెడతావు, అయినా దాని మీద పెత్తనం నీది కాదు. కరెంటు స్తంభాలకి కాగితాలు కొట్టకు. స్టాంపు లేని కాగితాలు ఎవరి మెయిల్‌బాక్సులోనూ వేయకు, అది ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. నేలలో కర్ర పాతాల్సి వస్తే రెండు మూడు పనిదినాల ముందే 811కి ఫోన్ చెయ్యి, గ్యాస్ పైపు ఎక్కడుందో వచ్చి గుర్తులు పెడతారు.

"నా ఇంటి ముందు నా మాట రాసుకునే హక్కు సుప్రీం కోర్టే ఇచ్చింది" అన్నావట మీ నాన్నతో. సగం నిజమే తల్లీ. మిజోరీ రాష్ట్రంలో లేడ్యూ అనే ఊళ్లో ఒకావిడ 1990 డిసెంబరులో గల్ఫ్ యుద్ధం వద్దంటూ ఇంటి ముందు బోర్డు పెట్టింది. అది మాయమైపోయింది. ఇంకోటి పెడితే దాన్ని పడగొట్టేశారు. పోలీసులకి చెప్పుకుంటే, అసలు ఇక్కడ బోర్డులే నిషిద్ధం అన్నారు. ఆవిడ ఊరుకోలేదు, మేడమీద కిటికీకి మామూలు కాగితమంత బోర్డు అంటించింది. చివరికి 1994లో సుప్రీం కోర్టు జడ్జీలంతా ఒక్క మాట మీద ఆవిడ పక్షాన తీర్పిచ్చారు. ఆవిడంటే నాకు చాలా గౌరవం. కానీ అది తన అభిప్రాయం చెప్పుకోవడానికి పెట్టిన బోర్డు, ఆపింది ప్రభుత్వం. నీది ఫీజు తీసుకునే క్లాసు బోర్డు. హెచ్ఓఏ ప్రభుత్వం కాదు, దాని రూల్సు నువ్వు సంతకం పెట్టి ఒప్పుకున్నవి. మన టెక్సస్‌లో ఎన్నికల బోర్డుల్ని హెచ్ఓఏ ఆపకూడదు: పోలింగుకి 90 రోజుల ముందు నుంచి, అయిపోయాక 10 రోజుల దాకా. క్లాసుల బోర్డుకి ఆ రక్షణ లేదు. ఇంకో మాట. 2015లో ఆరిజోనాలోని గిల్బర్ట్ ఊరి కేసు తీర్పు వచ్చాక, బోర్డు మీద ఏం రాసుందో చూసి రకానికో రూలు పెట్టడం కష్టమై చాలా ఊళ్లు నిబంధనలు తిరగరాసుకున్నాయి. కాబట్టి ఎవరో ఎప్పుడో చెప్పింది పట్టుకోకు. ఇవాళ అమల్లో ఉన్న కాగితం చూడు. కొలత, ఎత్తు, చోటు, ఈ మూడూ అడుగు.

ఆ మూడిట్లో చోటు సంగతి చెప్పాలి. ఇది మీ నాన్నకి కూడా తెలియదు.

1996లో మీ మామయ్య ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది. వీణ పాఠాలు చెబుతానన్నాను. మాదీ కార్నర్ ఇల్లే. మన ఊళ్లో తాతయ్య హోమియో వైద్యం బోర్డు నీకు గుర్తుందో లేదో. రేకు మీద నల్లరంగు, తెల్ల అక్షరాలు, పైన బల్బు. పొద్దుపోయాక బస్సు దిగినవాళ్లు ఆ బల్బు చూసే మన గుమ్మానికి వచ్చేవాళ్లు. దానికి ఆయన ఎవర్నీ అడగలేదు, నేనూ అడగలేదు. నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తున్న ప్లైవుడ్‌కి పసుపురంగు వేసి, ఎర్ర అక్షరాలతో పైన ఇంగ్లీషులో, కింద తెలుగులో 'వీణ' అని రాశాను. 'ణ' వంపు కుదరక మూడుసార్లు చెరిపి రాశాను. ఆ వీధిలో అదే మొదటి తెలుగు అక్షరం. రెండు వీధులవాళ్లకీ కనబడాలని సరిగ్గా మూలలో పాతాను. కింది అంచు నేలకి రెండడుగులు, పై అంచు ఐదడుగులు.

కారులో కూర్చున్న మనిషి కళ్లు నేలకి మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటాయి. సైకిలెక్కిన ఎనిమిదేళ్ల పిల్లాడి తల అంతకంటే కాస్త పైన. వాళ్లిద్దరి మధ్యా నా బోర్డు.

మూడోవారం నా మొదటి శిష్యుడు సైడ్‌వాక్ మీద సైకిల్ తొక్కుకుంటూ వస్తున్నాడు. నేను వంటింట్లో పాలు దించుతున్నాను. టైర్లు కీచుమన్న చప్పుడుకి గిన్నె వదిలేసి పరిగెత్తాను. వాడు గడ్డిలో కూర్చుని ఉన్నాడు, గడ్డం చీలి చొక్కా అంతా రక్తం, ముందు పన్ను సగం లేదు. కారు నడిపినావిడ పెద్దావిడ, కెర్బు మీద, అదే రోడ్డు అంచు గట్టు మీద, కూలబడి, "నేను ఆగాను, చూశాను, ఎవరూ లేరు" అని అదే మాట అంటోంది. ఆవిడ చెప్పింది నిజం. గడ్డానికి నాలుగు కుట్లు పడ్డాయి. వాళ్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు వచ్చి, సరళీ స్వరాలు రాసుకున్న పిల్లాడి నోటు పుస్తకం తీసుకుని వెళ్లిపోయింది. ఆ రోజు తిట్టినా బాగుండేది.

ఆ వారంలోనే సిటీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నోటీసు చేతికివ్వకుండా నన్ను తన కారులో కూర్చోబెట్టుకుని స్టాప్ గీత దగ్గర ఆపి, "ఏం కనిపిస్తోందమ్మా?" అన్నాడు. పసుపురంగు కనిపించింది. నా 'ణ' కనిపించింది. దాని వెనక సైడ్‌వాక్ కనిపించలేదు. దిగి వెళ్లి నా చేతులతోనే ఆ కర్రలు పీకాను.

ఆ మూలని చూపు త్రికోణం అంటారు. డాలస్ నిబంధన చెబుతాను, నీకు అర్థమవడానికి. రెండు వీధులు కలిసే చోట కెర్బు వెంట అటు 45 అడుగులు, ఇటు 45 అడుగులు కొలిచి ఆ రెండు చివరలూ కలిపితే వచ్చే త్రికోణంలో, కెర్బు పైన రెండున్నర అడుగుల నుంచి ఎనిమిది అడుగుల ఎత్తు దాకా చూపుకి అడ్డొచ్చేది ఏదీ ఉండకూడదు. డ్రైవ్‌వే దగ్గరైతే 20 అడుగులు. మీ ఊరి లెక్క వేరుగా ఉండొచ్చు, అడిగి తెలుసుకో. బోర్డు ఒక్కటే కాదు, ఆ త్రికోణంలో మందార మొక్క కూడా వద్దు. నీ దగ్గరికి వచ్చేవాళ్లంతా ఐదారేళ్ల పిల్లలు. గజ్జెల సంచీ పట్టుకుని కారు దిగీ దిగగానే పరిగెడతారు, ఎవరు చెప్పినా ఆగరు. తల్లిదండ్రుల్ని నీ డ్రైవ్‌వేలోనే దింపమను, ఎదురింటి పక్కన ఆపొద్దని మొదటి రోజే చెప్పు.

నీకు పిల్లలు రారేమోనన్న బెంగ పెట్టుకోకు. నేను బోర్డు తీసేశాక, గుడి నోటీసు బోర్డు మీద చిన్న కాగితం పెట్టుకుంటే ఏడాదిలో పదకొండు మంది చేరారు. నీ ఆట ఒక్కసారి చూసిన తల్లి ఇంకో నలుగురికి చెబుతుంది. చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

పేరు కనబడాలన్న నీ ఆశ నాకు తెలియనిది కాదు. గుమ్మానికి తోరణం కట్టుకో, దేవుడి గుర్తులు పెట్టుకో. టెక్సస్‌లో వాటిని హెచ్ఓఏ కాదనకుండా 2011 నుంచే చట్టం ఉంది. మొదట్లో 25 చదరపు అంగుళాలు మించకూడదనేవారు, 2021లో ఆ హద్దు కూడా తీసేశారు. సిటీ, హెచ్ఓఏ రెండూ సరేనంటే, గుమ్మం పక్కన ఇటుక గోడ మీద చిన్న పలక పెట్టుకోవచ్చు. ఆ గోడ ఎంత వెడల్పుందో కొలిచి నాకు చెప్పు. రంగు, కుంచె నేను తెస్తాను. 'కూచిపూడి' అని తెలుగులో నేనే రాస్తాను.

ఆశీస్సులతో,
అత్తయ్య