విమానాశ్రయంలో పట్టుకున్న పూలమొక్కలు తిరిగి ఇస్తారా?

ప్రశ్న: మాది ఒంగోలు. ఇరవై ఏళ్లుగా చెన్నైలో ఉంటున్నాం. మా అమ్మాయి గత నెల బ్యాంకాక్ నుంచి వస్తూ నా కోసం ఆరు అడీనియం మొక్కలు తెచ్చింది. విమానాశ్రయంలో వాటిని తీసేసుకుని, ఏదో కాగితం మీద సంతకం చేయించుకున్నారు. అమ్ముకోవడానికి తెచ్చినవి కావు, మేడ మీద కుండీల్లో పెట్టుకుందామని. తిరిగి ఇస్తారా? కేసు పెడతారా?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: అమ్మా, ఆ మొక్కల మీద ఆశ వదులుకోండి. ఇంటి కోసమే తెచ్చినా, నాటే మొక్క ఏదైనా 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు కిందికే వస్తుంది. మన ప్రభుత్వం ముందుగా ఇచ్చే దిగుమతి పర్మిట్ ఉండాలి. మొక్కకు తెగుళ్లు లేవని అక్కడి ప్రభుత్వం పరీక్షించి ఇచ్చే ఫైటోశానిటరీ ధ్రువపత్రం కూడా ఉండాలి. నర్సరీ బిల్లు వీటికి బదులు కాదు. కొరియర్‌లో తెప్పించుకున్నా ఇదే చట్టం.

వేళ్లకు మట్టి ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే అదొక్కటే చాలు, ఆపేయడానికి. చిటికెడు మట్టిలో నులిపురుగులు, శిలీంధ్ర బీజాలు కంటికి కనిపించకుండా వచ్చేస్తాయి. బయటి పురుగు మన దేశంలోకి వస్తే ఏమవుతుందో చూడండి: మధ్య అమెరికా ప్రాంతానికి చెందిన రూగోస్ తెల్లదోమ 2016లో పొల్లాచి కొబ్బరి తోటల్లో బయటపడింది. అక్కడి నుంచి మన గోదావరి జిల్లాల దాకా పాకింది. కోనసీమలో మా బంధువుల తోటలో కొబ్బరి ఆకు తిప్పి చూస్తే అడుగున తెల్లటి మైనపు చుట్లు, పైన మసి పూసినట్టు నలుపు. వేలితో రుద్దితే అంటుకుంది. అది చూసినప్పటి నుంచి ఈ నిబంధన కఠినమని నేను అనలేను.

మీ బెంగ కేసు గురించి. ఇలాంటివి సాధారణంగా 1962 నాటి కస్టమ్స్ చట్టం కింద జప్తుతో, ఒక్కోసారి జరిమానాతో ముగుస్తాయి. అయితే జప్తుకు ముందు నోటీసు ఇచ్చి, మీ మాట వినాలని 124వ సెక్షన్ చెబుతోంది. మీ అమ్మాయి సంతకం చేసినది 'రాతపూర్వక నోటీసు అవసరం లేదు' అన్న కాగితమేమో చూడండి. నకలు చేతిలో లేకపోతే వెంటనే అడిగి తీసుకోండి. జరిమానా ఎక్కువనిపిస్తే, ఉత్తర్వు అందిన 60 రోజుల్లో కమిషనర్ (అప్పీళ్లు) వద్దకు వెళ్లవచ్చు. తగిన కారణం చూపితే మరో 30 రోజుల వరకు గడువు ఇవ్వవచ్చు. ఉత్తర్వు చేతికి వచ్చిన తేదీని ఈ రోజే ఒకచోట రాసిపెట్టుకోండి.

మొక్కల సంగతంటారా, రాజమండ్రి దగ్గరి కడియం నర్సరీల్లో అడీనియం అంట్లు దొరుకుతాయి. ఈసారి అటు వెళ్లినప్పుడు అక్కడి నుంచి తెచ్చుకోండి.