వేసవిలో బీచ్ బ్రేక్: 0.9 మీటర్ల శనివారమా, 1.3 మీటర్ల ఆదివారమా?

సూటిగా చెప్పేస్తాను. సర్ఫింగ్‌కి శనివారం వెళ్లండి, వెలుగు రాగానే నీళ్లలో ఉండండి, తొమ్మిదిన్నర లోపు బయటికి వచ్చేయండి.

తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నని క్లుప్తంగా ఇక్కడ పెడుతున్నాను. బీచ్ బ్రేక్, అంటే ఇసుక నేల మీద అలలు విరిగే బీచ్, వేసవి. నురగలో బోర్డు మీద లేచి నిలబడటం మీకు వచ్చేసింది, ఇంకా విరగని అలని పట్టుకోవడం ఇప్పుడిప్పుడే మొదలుపెట్టారు. అలల అంచనా చెప్పే యాప్‌లో శనివారం 0.9 మీటర్లు, 14 సెకన్లు. తెల్లవారుజామున నేల వైపు నుంచి తేలికపాటి గాలి, తొమ్మిది తర్వాత సముద్రం వైపు నుంచి పెరుగుతూ మధ్యాహ్నానికి గంటకు 22 కిలోమీటర్లు. లో టైడ్ నాలుగున్నరకి, హై టైడ్ పదీ ముప్పావుకి. ఆదివారం 1.3 మీటర్లు, 6 సెకన్లు, పొద్దున్నుంచే సముద్రం వైపు నుంచి 20 కిలోమీటర్ల గాలి. ఎత్తు ఎక్కువ కాబట్టి ఆదివారమే మేలు కదా అని మీ సందేహం.

ముందు ఆ ఎత్తు సంగతి చూద్దాం, ఎక్కువమంది తడబడేది అక్కడే. యాప్ చూపించే మీటర్లు లోతు నీళ్లలోని అలవి, మీరు ఒడ్డు దగ్గర ఎదుర్కొనేవి కావు. పైగా అది ఒక్క అల ఎత్తు కాదు, అలలన్నిటిలో పెద్దవైన మూడో వంతు తీసుకుని వేసిన సగటు. అంటే వాటికంటే చిన్నవి బోలెడు వస్తాయి, అప్పుడప్పుడు దానికి రెట్టింపు దాకా కూడా ఒకటి రావచ్చు. ఇక ఆ పక్కనున్న సెకన్ల అంకె, అంటే పీరియడ్, ఒక శిఖరం వెళ్లాక తర్వాతి శిఖరం రావడానికి పట్టే సమయం. చూడటానికి చిన్న వివరంలా ఉంటుంది కానీ అలలో ఎంత బలం ఉందో చెప్పేది ఎత్తుతో పాటు అదే. లోతు నీళ్లలో అల పొడవు కావాలంటే పీరియడ్‌ని దానితోనే గుణించి, వచ్చినదాన్ని 1.56తో గుణించాలి. 14 సెకన్ల అల సుమారు 300 మీటర్ల పొడవు, 6 సెకన్లది 56 మీటర్లే. పొడవులో సగం లోతు దగ్గర అల అడుగు నేలకి తగలడం మొదలవుతుంది, కాబట్టి మొదటిది 150 మీటర్ల లోతులోనే నేలని పసిగడుతుంది, రెండోది 28 మీటర్ల దాకా వచ్చేవరకు ఏమీ ఎరగదు. నేల తగిలాక అల నెమ్మదిస్తూ, పొడవు తగ్గి, ఎత్తు పెంచుకుంటుంది. పొడవైన అల ఆ పెరుగుదలలో చాలా ముందుంటుంది.

మీ అంకెలే తీసుకుని ఎత్తు వర్గాన్ని పీరియడ్‌తో గుణించి చూడండి. శనివారానికి 11.3, ఆదివారానికి 10.1. అంటే 0.9 మీటర్లది 1.3 మీటర్ల దానికంటే కాస్త ఎక్కువ బలంతో వస్తోంది. నేరుగా ఒడ్డుకి వచ్చిందనుకుంటే రెండూ విరిగే చోట ఇంచుమించు మీటరున్నర అవుతాయి. ఎత్తులో పెద్ద తేడా ఉండదు, తేడా అంతా అల తీరులో ఉంటుంది. శనివారం అలలు వరసగా, మధ్యలో ఖాళీ ఇచ్చి, గోడలా లేచి వస్తాయి. ఆదివారం వచ్చేవి అక్కడి గాలే అప్పటికప్పుడు లేపిన అలలు. ఒకదాని మీద ఒకటి పడుతూ, పైనుంచి చితికిపోతూ, లోపలికి ఈదేవాళ్లకి ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వకుండా వస్తాయి. మీ దశలో ఉన్నవాళ్లు అలాంటి రోజున అలలు ఎక్కేది తక్కువ, అలసిపోయేది ఎక్కువ.

అయితే శనివారంలో కూడా ఒక మెలిక ఉంది, అది దాచి చెప్పడం సరికాదు. పొడవైన స్వెల్ (దూరాన తుఫానుల్లో పుట్టి ప్రయాణించి వచ్చే అలలు) ఒకే దిక్కు నుంచి నేరుగా వస్తే, తిన్నగా ఉన్న ఇసుక బీచ్‌లో అల ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకేసారి కూలిపోతుంది. దాన్నే క్లోజ్‌అవుట్ అంటారు. రాతి అంచులున్న చోట 14 సెకన్ల స్వెల్ వరమే. ఇసుక బీచ్‌కి 8 నుంచి 12 సెకన్ల మధ్యది, అందులోనూ రెండు దిక్కుల నుంచి కలిసి వచ్చేది బాగా సరిపోతుంది, ఎందుకంటే రెండూ ఒకదానినొకటి దాటే చోట అల ముక్కలై చిన్న చిన్న శిఖరాలుగా లేస్తుంది. యాప్‌లో రెండో స్వెల్ వరస కూడా ఉంటుంది, చాలామంది అసలు అటు చూడరు. శనివారం ఆ రెండో వరసలో వేరే దిక్కు నుంచి 0.4 మీటర్లో, 8 సెకన్లో కనిపిస్తే సంతోషించండి. ఏమీ లేకపోతే, మేటలు (నీటి అడుగున ఇసుక దిబ్బలు) సరిగా లేని చోట సగం అలలు క్లోజ్‌అవుట్లే అనుకుని వెళ్లండి.

ఇక గాలి. వేసవిలో బీచ్ బ్రేక్‌ని నిలబెట్టేదీ పాడుచేసేదీ ఇదే, నా మట్టుకు నేను యాప్ తెరవగానే మొదట చూసేది గంటల వారీ గాలినే. ఎండకి నేల త్వరగా వేడెక్కుతుంది, నీరు వేడెక్కదు. నేల మీది గాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లటి గాలి వస్తుంది, అదే సముద్రపు గాలి. పొద్దెక్కాక మొదలై, మధ్యాహ్నం రెండు మూడు గంటలకి ముదిరి, సాయంత్రానికి సద్దుమణుగుతుంది. రాత్రి నేల చల్లబడి గాలి నేల వైపు నుంచి సముద్రం వైపు తిరుగుతుంది. అందుకే తెల్లవారుజామున అల ముఖం నునుపుగా, విరిగేముందు ఒక్క క్షణం నిలబడినట్టుగా ఉంటుంది. ఆ మొదటి రెండు మూడు గంటల కోసం నిద్ర మానుకోవడంలో నాకెప్పుడూ చింత లేదు.

ఈ మార్పు వచ్చేటప్పుడు నీళ్లలో కూర్చుని ఉంటే స్పష్టంగా తెలుస్తుంది. ముందు దూరంగా, ఆకాశం కలిసే గీతకి కాస్త ఇవతల, నీటి రంగు ముదురు నీలంగా మారుతుంది. అప్పటికి మన దగ్గర ఇంకా గాలి ఉండదు. ఆ ముదురు పట్టీ దగ్గరికి జరుగుతూ వస్తుంది, ముఖానికి చల్లగా తగులుతుంది, తర్వాత పది నిమిషాల్లో నునుపైన అల మీద సన్నటి గరుకు పుడుతుంది. బోర్డు కింద టపటపమని కొట్టుకోవడం మొదలవుతుంది. అది కనిపించిందంటే ఇంకో నాలుగైదు మంచి అలలున్నాయని అర్థం, వాటిని పట్టుకుని వచ్చేయాలి.

యాప్ ఇచ్చే గాలి సమయాన్ని అక్షరాలా నమ్మకండి. చాలా యాప్‌లు వాడే ప్రపంచ వాతావరణ మోడల్‌లో భూమిని గడులుగా విడదీస్తారు, ఒక్కో గడి చాలా కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. తీరం ఆ గడి మధ్యలోంచి పోతుంటే నేలెక్కడ, నీరెక్కడ అన్న తేడా అందులో మసకబారిపోతుంది. కాబట్టి లోపలి ఊళ్లలో ఆ రోజు ఎండ ఎంతుందో కూడా చూడండి. బాగా మండిపోయే రోజైతే సముద్రపు గాలి తొందరగా, గట్టిగా వస్తుంది. మబ్బు పట్టి ఉంటే ఆలస్యమవుతుంది, ఒక్కోసారి అసలు రాదు. పెద్ద వాతావరణ వ్యవస్థల వల్ల నేల వైపు నుంచి గాలి నిలకడగా వీస్తుంటే అది సముద్రపు గాలిని మధ్యాహ్నం దాకా ఆపగలదు. ఇవి చూసుకుంటే యాప్ చెప్పిన తొమ్మిది గంటలు ఎనిమిదిన్నర అవుతుందో, పదిన్నర అవుతుందో మీకే ఒక అంచనా దొరుకుతుంది.

ఇంకో ముఖ్యమైన విషయం: స్వెల్ అంచనాని ముందునుంచే నమ్మవచ్చు, గాలి అంచనాని చివరి నిమిషంలోనే. 14 సెకన్ల స్వెల్ ఇప్పటికే ఎక్కడో తుఫానులో పుట్టి దారిలో ఉంది. స్వెల్ గుంపుగా కదిలే వేగం సెకనుకు సుమారు 11 మీటర్లు, రోజుకి 940 కిలోమీటర్ల చొప్పున. ఆరు వేల కిలోమీటర్ల అవతల పుట్టినది ఆరు రోజులు దాటాక చేరుతుంది, కాబట్టి ఐదు రోజుల ముందు కూడా దాని రాక దాదాపు ఖాయం. ఉత్తరార్ధగోళంలో వేసవి అంటే దక్షిణార్ధగోళంలో చలికాలం. అక్కడి తుఫానుల స్వెల్ సముద్రాలు దాటి ఇటు వస్తుంది. సముద్ర శాస్త్రవేత్త వాల్టర్ మంక్ బృందం 1963లో న్యూజిలాండ్ నుంచి అలాస్కా వరకు వరసగా పరికరాలు పెట్టి, దక్షిణ సముద్రంలో పుట్టిన అలలు పసిఫిక్ మొత్తం ఎలా దాటుతాయో కొలిచింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం తీరాన దిగడానికి అలల అంచనా వేసే పద్ధతి తయారుచేసిందీ ఈ మంక్, ఆయన గురువు స్వెర్‌డ్రప్‌లే. మనం ఫోన్లో చూసుకునే అంకెల మూలం అక్కడుంది.

దీంతో మీకు ఒక పని సులువవుతుంది. ఎక్కువ పీరియడ్ ఉన్న అలలు వేగంగా ప్రయాణిస్తాయి కాబట్టి ముందు అవే చేరతాయి. శుక్రవారం సాయంత్రం దగ్గరలోని సముద్ర బోయ్ (నీటి మీద తేలుతూ అలలు కొలిచే పరికరం) కొలతల్లో 0.3 మీటర్లు, 17 సెకన్లు లాంటిది కనిపిస్తే స్వెల్ ముందు వరస వచ్చేసినట్టే, శనివారం ఉదయానికి మిగతాది వచ్చేస్తుంది. ఏమీ కనిపించకపోతే ఆలస్యం కావచ్చు. బోయ్ చెప్పేది కొలిచినది, యాప్ చెప్పేది లెక్కగట్టినది. రెండూ పొసగకపోతే నేను బోయ్ మాటే వింటాను.

పోటు విషయం మీకు శనివారం కలిసొచ్చింది. ఇసుక బీచ్‌లో నీరు బాగా తీసినప్పుడు అలలు మేట మీద ధబాలున పడతాయి, మెడకి మంచిది కాదు. నీరు నిండినప్పుడు అల మేట దాటి వచ్చి ఒడ్డు అంచునే విరుగుతుంది. మధ్యలో, అదీ నీరు పెరుగుతున్నప్పుడు, చాలా బీచ్‌లు బాగా పనిచేస్తాయి. ఆరు గంటల పోటులో మూడో, నాలుగో గంటల్లోనే దాదాపు సగం నీరు పెరుగుతుంది. మీ లెక్కలో అది ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర, గాలి ఇంకా రాని సమయమే. అమావాస్య, పౌర్ణమి దగ్గర అయితే హెచ్చుతగ్గులు ఎక్కువ కాబట్టి ఆ మంచి సమయం ఇంకా కుదించుకుపోతుంది, తేదీ చూసుకోండి.

ఇంతా చూసి, ఏ యాప్‌లోనూ ఉండనిది మాత్రం మీరే వెళ్లి చూడాలి: ఇసుక. వేసవి చిన్న అలలు ఇసుకని నెమ్మదిగా ఒడ్డు వైపు తోస్తాయి, చలికాలపు పెద్ద అలలు దాన్ని లోపలికి లాగుతాయి. మేటలు వారం వారం మారుతుంటాయి. అందుకే చేరగానే బోర్డు తీయకుండా, కాస్త ఎత్తైన చోట నిలబడి కనీసం ఇరవై నిమిషాలు చూడండి. ఎక్కడ ముందు తెల్లగా విరిగి, అక్కణ్నుంచి పక్కకి మెల్లగా పాకుతోందో అక్కడ మేట ఉంది, మీ చోటు అదే. అటూ ఇటూ విరుగుతుంటే మధ్యలో ముదురు రంగులో, నురగ లేకుండా, ప్రశాంతంగా కనిపించే సందు ఉంటుంది చూడండి, అది రిప్ కరెంట్. ఈదడానికి బాగుందనిపించేది అదే, మనుషుల్ని లోపలికి లాగేదీ అదే. అందులో పడితే ఒడ్డు వైపు ఎదురీదకండి, బోర్డు వదలకండి, తేలుతూ పక్కకి కదిలి అలలు విరిగే చోటికి చేరి వాటితో పాటు రండి. వీలైనంతవరకు లైఫ్‌గార్డులున్న చోటే దిగండి.

ఇరవై నిమిషాలని ఊరికే అనలేదు. పెద్ద అలలు గుంపుగా వస్తాయి, ఆ గుంపునే సెట్ అంటారు. పొడవైన స్వెల్‌లో సెట్‌కీ సెట్‌కీ మధ్య చాలాసేపు సముద్రం నిద్రపోయినట్టు ఉంటుంది. ఐదు నిమిషాలు చూసి చిన్నవే అనుకుని దిగినవాళ్లు, సగం దూరం వెళ్లాక మీటరున్నర అలలు నాలుగైదు వరసగా మీద పడి బెంబేలెత్తడం నేను చాలాసార్లు చూశాను. కనీసం రెండు సెట్లు చూడండి. అందులో పెద్ద అల చూసి కడుపులో తిప్పినట్టు అనిపిస్తే నురగలోనే ఉండండి, ఆ రోజు అదే సరైన ప్రాక్టీస్.

వాతావరణంలో మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఉరుము వినిపించిందంటే వెంటనే బయటికి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ దిగొద్దు. భారీ వర్షం పడితే కాలువలు కలిసే చోట మూడు రోజులు ఆగండి. యూవీ సూచిక 3 గానీ అంతకు మించి గానీ ఉంటే ఒంటికి రక్షణ కావాలి, మబ్బున్నా సరే. పొడుగు చేతుల రాష్‌గార్డ్ (ఎండ తగలకుండా వేసుకునే సర్ఫింగ్ చొక్కా) వేసుకుంటే మళ్లీ మళ్లీ క్రీమ్ పూసుకునే బాధ చాలావరకు తప్పుతుంది.

ఒకవేళ శనివారం కుదరకపోతే, ఆదివారం పొద్దున కాకుండా సూర్యాస్తమయానికి గంటన్నర ముందు వెళ్లి చూడండి. గాలి ఆ సమయానికి పడిపోయిందంటే చిందరవందర తగ్గి, ఆ 6 సెకన్ల అలలే కాస్త కుదురుగా, మీరు పట్టుకోగలిగేలా మారతాయి. గాలి అలాగే వీస్తుంటే ఆ రోజుకి వదిలేయండి.