కార్డు బాకీ సగానికి సెటిల్ చేసుకోవచ్చా?

ప్రశ్న: టెక్సాస్‌లో ఉంటాను. మధ్యలో ఉద్యోగం పోయి, ఇప్పుడు తక్కువ జీతానికి ఇంకోచోట చేరాను. కార్డు మీద 11,000 డాలర్ల బాకీ ఉంది, ఐదు నెలలుగా కట్టలేదు. సగానికి సెటిల్ చేయిస్తాను, ముందు ఫీజు కట్టమని ఒకాయన రోజూ ఫోన్ చేస్తున్నాడు. నమ్మొచ్చా?

జవాబు: ఆయనకు ఒక్క డాలరు కూడా ఇవ్వకండి. ఫోన్లో బేరం పెట్టే ఇలాంటి కంపెనీలు బాకీ తగ్గించకముందే ఫీజు తీసుకోకూడదని వినియోగదారుల్ని మోసాల నుంచి కాపాడే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2010లోనే నిబంధన పెట్టింది. ఆయన చేసే పని మీరే చేసుకోవచ్చు. మన యాస అడ్డు కాదు, బేరమాడటం మనకెవరూ నేర్పక్కర్లేదు.

సాధారణంగా 180 రోజులు కట్టకపోతే బ్యాంకు ఆ బాకీని నష్టం కింద రాసేస్తుంది. తర్వాత వసూలు కంపెనీకి అమ్మేయొచ్చు, దావా వేయొచ్చు. అందుకే ఐదో నెలలో బ్యాంకు కాస్త మెత్తబడుతుంది. అలాగని కట్టగలిగి కూడా కావాలని ఎగ్గొట్టకండి. ఆ మచ్చ క్రెడిట్ రిపోర్టులో ఏడేళ్లు ఉంటుంది. కోర్టు నుంచి సమన్లు వస్తే మాత్రం చెత్తబుట్టలో వేయకండి, గడువులోపల జవాబివ్వాలి.

2009లో నా ఉద్యోగం పోయినప్పుడు 14,000 బాకీ ఉండేది. బ్యాంకు అమ్మాయి మొదట 80 శాతం అంది. నా దగ్గర ఉన్నది 6,000, అంతకంటే లేదన్నాను. అదే మాట మూడు ఫోన్లలోనూ చెప్పాను. చివరికి ఒప్పుకుని, సాయంత్రంలోపు కట్టాలి, అకౌంట్ నంబరు చెప్పమంది. నంబరు ఇవ్వలేదు, ముందు ఉత్తరం పంపమన్నాను. వచ్చిన ఉత్తరంలో 6,000 అందుతుందని ఉంది కానీ, దాంతో బాకీ పూర్తిగా తీరిపోతుందన్న ముక్క లేదు. మళ్లీ ఫోన్ చేసి ఆ వాక్యం రాయించుకున్నాకే క్యాషియర్స్ చెక్ (బ్యాంకే హామీగా ఇచ్చే చెక్కు) పంపాను. అది లేకుంటే మిగతా 8,000కి ఏ వసూలు కంపెనీ వాడో తలుపు తట్టేవాడు. ఆ ఉత్తరం, చెక్కు నకలు ఇప్పటికీ నా ఫైల్లో ఉన్నాయి.

మీ బాకీ అప్పటికే వసూలు కంపెనీ చేతిలో పడితే, బేరానికి ముందు వివరాలు కాగితం మీద తెప్పించుకోండి. అది అందిన 30 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, రుజువు పంపేదాకా వాళ్లు వసూలు ఆపాలి.

నేను బోల్తాపడింది పన్ను దగ్గర. 600 డాలర్లు, ఆపైన అప్పు మాఫీ చేస్తే బ్యాంకు 1099-సి ఫారం పంపుతుంది. మాఫీ అయిన సొమ్ము ఆదాయం కిందే లెక్క. నేను దాన్ని మామూలు కార్డు కాగితమనుకుని పడేశాను, 2011లో ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) నుంచి నోటీసు వచ్చింది. మాఫీకి సరిగ్గా ముందు మీ అప్పులు ఆస్తుల కంటే ఎక్కువుంటే, ఆ తేడా మేరకు 982 ఫారంతో మినహాయింపు అడగొచ్చు. కాకపోతే ఆస్తులంటే 401(కె) రిటైర్మెంట్ పొదుపు, ఇండియాలో మీ పేరున ఉన్న స్థలం కూడా. కొంపల్లిలో నాకున్న రెండు వందల గజాలు అక్కడే అడ్డొచ్చాయి. పన్ను వడ్డీతో సహా కట్టాను.